హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి: ఆడ వరుస పువ్వును ముందుగా చూడవలసిన అవసరం

గత యాసంగిలో, కోతకు పది రోజుల ముందు, ఇబ్రహీంపట్నం పరిసరాలలోని ఒక హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి మడిలో రైతు ఒకరు ఆడ వరుసలోని వెన్ను తెంపి నా అరచేతిలో పెట్టారు. వెన్ను పొడవుగానే ఉన్నది. గింజలను వేళ్లతో నొక్కి చూస్తే అయిదింట నాలుగు తాలు. "మందు జెప్పినట్టే కొట్టినం, తాడు దినాం నాలుగుసార్లు గుంజినం. అయినా ఇంత తాలెందుకైంది సారూ?" అని ఆయన అడిగారు. అదే మడిని పూత సమయంలో భూతద్దంతో చూసి ఉన్నాను గనుక సమాధానం నాకు తెలుసు. ఆడ వరుసలో పువ్వులు మూసుకున్న తరువాత కీలాగ్రం బయట నిలిచినవి చాలా తక్కువ. అయితే ఆ సమాధానం వల్ల ఆయనకు ఒరిగేది లేదు. తప్పు ఆయన చేసిన పనిలో లేదు. ఆ ఆడ వంగడాన్ని కొన్నేళ్ల క్రితం ఎంపిక చేసినప్పుడు పువ్వును ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడంలో ఉన్నది.

హైబ్రిడ్ వరి ప్రజననంలో మనం పాటిస్తున్న వరుసక్రమం తలకిందులుగా ఉన్నదన్నది ఈ వ్యాసంలో నా వాదన. ముందు దిగుబడి, తరువాత తెగుళ్ల నిరోధకత, ఆ తరువాత బియ్యం నాణ్యత చూస్తున్నాము. అన్నీ కుదిరాక, విత్తనం ఎంత పండుతుంది అన్న ప్రశ్న చివరన వస్తున్నది. అప్పటికి ఆడ వంగడాన్ని మార్చే అవకాశం దాదాపు ఉండదు. పుష్ప లక్షణాలను నిర్వాహక వంగడపు తొలి తరాలలోనే ఎంపిక ప్రమాణంగా తీసుకోవాలి. హైబ్రిడ్ విడుదల సమయంలో ఆడ వంగడపు పుష్ప వివరాలను దిగుబడి వివరాలతో సమానంగా ప్రకటించాలి.

వరి పువ్వు స్వభావాన్ని ఒకసారి గుర్తు చేసుకుంటే వాదన తేలికగా అర్థమవుతుంది. వరి స్వపరాగ సంపర్క పంట. సాగు వరిలో సహజ పరపరాగ సంపర్కం సాధారణంగా ఒక శాతం లోపే. ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య లాడిక్యూల్స్ అనే రెండు చిన్న భాగాలు నీరు పీల్చుకొని ఉబ్బుతాయి. అవి తుషాలను వేరుగా నెడతాయి. కేసరదండాలు సాగి పరాగకోశాలు పగులుతాయి, పుప్పొడి అదే పువ్వులోని కీలాగ్రంపై రాలుతుంది. గంట తిరగక ముందే తుషాలు మూసుకుంటాయి. గాలిలోకి వెళ్లిన పుప్పొడి రేణువు కొద్ది నిమిషాలే సజీవంగా ఉంటుంది. ఇంటి పెళ్లి ఇంట్లోనే జరుపుకొనే ఈ పంటను పక్క వరుస నుంచి పుప్పొడి తెచ్చుకొమ్మని మనం కోరుతున్నాము. హైబ్రిడ్ విత్తనోత్పత్తిలో ఉన్న కష్టమంతా ఇదే.

ఆడ వరుసగా నాటే ఎ-లైన్‌లో పుప్పొడి వంధ్యం. వంధ్యత్వం జీవద్రవ్యం నుంచి, అంటే మైటోకాండ్రియా నుంచి వస్తుంది. 1970లో చైనాలోని హైనాన్ ద్వీపంలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి దొరికిన అడవి వరి మొక్క నుంచి వచ్చిన 'వైల్డ్ అబార్టివ్' జీవద్రవ్యమే నేటికీ మన ఎ-లైన్లలో అత్యధిక భాగానికి ఆధారం. దానికి కారణమైన మైటోకాండ్రియా జన్యువు డబ్ల్యు.ఎ.352 అని 2013లో తేలింది. ఎ-లైన్‌ను నిలుపుకోవడానికి అదే కేంద్రక జన్యుసంపద గల బి-లైన్, అంటే నిర్వాహక వంగడం కావాలి. హైబ్రిడ్ గింజలో ఫలత్వాన్ని తిరిగి తెచ్చే ఆర్-లైన్, అంటే పునరుద్ధారక వంగడం మగ వరుసగా ఉంటుంది. పునరుద్ధరణలో 1వ క్రోమోజోముపై ఉన్న ఆర్.ఎఫ్.3, 10వ క్రోమోజోముపై ఉన్న ఆర్.ఎఫ్.4 జన్యువులు ముఖ్యమైనవి. ఈ జన్యువులపై మన ప్రయోగశాలలలో పని విస్తారంగా జరిగింది. మార్కర్లు ఉన్నాయి, వాటి వాడకం కూడా నిత్యకృత్యమైంది. అదే శ్రద్ధ కీలాగ్రంపై ఎందుకు లేదని నేను అడుగుతున్నాను.

కీలాగ్రానికి ఇంత ప్రాముఖ్యం ఎందుకో మడిలో ఉదయం పూట నిలబడి చూస్తే తెలుస్తుంది. ఆర్-లైన్ పువ్వులు ఉదయం ఒక్క ఉధృతిలో విచ్చుకుంటాయి. ఎ-లైన్ పువ్వులు ఆలస్యంగా, విడివిడిగా, మధ్యాహ్నం వరకు విచ్చుకుంటూ ఉంటాయి. మగ వరుస పుప్పొడి గాలిలో ఉన్న సమయానికి ఆడ వరుసలో చాలా పువ్వులు ఇంకా తెరుచుకోవు. తెరుచుకున్న సమయానికి పుప్పొడి అయిపోతుంది. ఈ నష్టాన్ని పూడ్చగలిగేది పువ్వు మూసుకున్నాక కూడా తుషాల అంచున బయట నిలిచే కీలాగ్రమే. అటువంటి కీలాగ్రం మరునాడు, ఆ మరునాడు కూడా పుప్పొడిని స్వీకరించగలదు. కీలాగ్రం లోపలే ఉండిపోతే ఆ పువ్వుకు దొరికే అవకాశం ఒక్క రోజు, అందులోనూ ఒక్క గంట. తాడు లాగడం, కర్రలతో మగ మొక్కలను కదపడం పుప్పొడిని లేపగలవే గాని మూసిన తుషాలను తెరవలేవు. నాకు వెన్ను చూపిన రైతు చేసిన శ్రమ వృథా కావడానికి కారణం ఇదే.

ఇప్పుడు జన్యుశాస్త్రం వైపు వద్దాము. కీలాగ్రం బయటికి రావడం ఒక్క జన్యువు చేతిలోని లక్షణం కాదు. కీలాగ్రం పొడవు, కీలం పొడవు, కీలాగ్రపు ఈకల విస్తృతి, తుషాల ఆకారం, పువ్వు విచ్చుకునే కోణం, ఇవన్నీ కలిసి దానిని నిర్ణయిస్తాయి. దీనిని ప్రభావితం చేసే జన్యుస్థానాలను అనేక క్రోమోజోములపై గుర్తించారు. ఒక్కొక్కదాని ప్రభావం చిన్నదే. వాతావరణ ప్రభావం కూడా ఉన్నది. అయినా తొలి తరాల ఎంపికకు లొంగనంత అస్థిర లక్షణం కాదిది. ఇండికా రకాలలో జపానికా రకాల కంటే కీలాగ్రం ఎక్కువగా బయటికి వస్తుందన్న సంగతి పాతదే. మనకు పునాదిగా ఉన్నవి ఇండికా రకాలే గనుక వైవిధ్యానికి కొరత లేదు.

ఇక్కడ తెలంగాణకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. ఈ చర్చలో నాకు అన్నిటికంటే ఆసక్తికరమైనది కూడా అదే. గింజ పొడవును నియంత్రించే ప్రధాన జన్యువులలో ఒకటి 3వ క్రోమోజోముపై ఉన్న జి.ఎస్.3. ఈ జన్యువు పని చేయడం మానితే గింజ పొడవవుతుంది. దానితో పాటే కీలాగ్రం కూడా పొడవవుతుందని, బయటికి ఎక్కువగా వస్తుందని పరిశోధనలు చూపాయి. 5వ క్రోమోజోముపై ఉన్న గింజ వెడల్పు జన్యువు జి.డబ్ల్యు.5 కూడా ఈ లక్షణంలో పాలు పంచుకుంటుంది. అంటే పొడవు సన్న గింజ గల ఎ-లైన్‌లో మంచి కీలాగ్రం దొరకడం సులభం. పొట్టి, మధ్యస్థ గింజలో దొరకడం కష్టం. ఇది రెండు జన్యువులు పక్కపక్కన ఉండటం వల్ల వచ్చిన సహలగ్నత అయితే తరాలు పెంచి విడదీయవచ్చు. కాని ఇక్కడ ఉన్నది ఒకే జన్యువు రెండు అవయవాలపై చూపే బహుప్రభావం. దీనిని విడదీయడం అసాధ్యం, పక్కదారి వెతకవలసిందే.

మన చరిత్రలో ఈ చిక్కు ఇదివరకే కనిపించింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1989 డిసెంబరులో హైబ్రిడ్ వరిపై సమన్వయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అయిదేళ్లు గడవక ముందే, 1994లో, ఎపిహెచ్ఆర్-1, ఎపిహెచ్ఆర్-2 హైబ్రిడ్లు ఆంధ్రప్రదేశ్ నుంచి విడుదలయ్యాయి. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రం వాటికి పుట్టినిల్లు. ఎపిహెచ్ఆర్-1కు ఆడ వంగడం ఐఆర్ 58025ఎ, ఎపిహెచ్ఆర్-2కు ఐఆర్ 62829ఎ. రెండూ ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి వచ్చినవే. రెండవదానికి వేడిలో వంధ్యత్వం నిలకడగా ఉండలేదు, అది క్రమంగా పక్కకు పోయింది. మొదటిది నిలిచింది. కర్ణాటక వారి కేఆర్‌హెచ్-2, రాజేంద్రనగర్ వారి డి.ఆర్.ఆర్.హెచ్-1 కూడా దాని సంతానమే. ఐఆర్ 58025ఎ అంతగా వాడుకలోకి రావడానికి ఒక కారణం దాని పువ్వు. కీలాగ్రం బాగా బయటికి వస్తుంది, విత్తనం పండుతుంది. అయితే దాని గింజ పొడవు, బియ్యానికి తేలికపాటి సువాసన. ఆ సువాసన దక్షిణాదిలో రోజువారీ అన్నానికి నచ్చలేదు. సాంబ మసూరి అలవాటైన నాలుక దానిని ఒప్పుకోలేదు. పువ్వు గెలిచింది, పళ్లెం ఓడింది అని అప్పట్లోనే మనం పాఠంగా తీసుకొని ఉండవలసింది.

ఆ పాఠాన్ని మనం సగమే తీసుకున్నాము. పళ్లెం సంగతి చూసుకున్నాము. మారుటేరులోనే రూపొందిన ఎపిఎంఎస్ 6ఎ ఆడ వంగడంతో రాజేంద్రనగర్‌లో తయారైన డి.ఆర్.ఆర్.హెచ్-3 మధ్యస్థ సన్న గింజ గల హైబ్రిడ్. సాంబ మసూరి తరహా బియ్యాన్ని హైబ్రిడ్‌లో ఇవ్వవచ్చునని అది నిరూపించింది. ఇది చిన్న విజయం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తున్న నేపథ్యంలో సన్న గింజ హైబ్రిడ్లకు గిరాకీ మరింత పెరుగుతుంది. కాని గింజను పొట్టిగా, సన్నగా చేసే ప్రతి అడుగులోనూ జి.ఎస్.3 వల్ల వచ్చే కీలాగ్రపు పొడవును మనం వదులుకుంటున్నాము. వదులుకున్న దానికి బదులు మరో చోటు నుంచి తెచ్చుకుంటున్నామా? ప్రజననకారుల దృష్టి ముందుగా పడవలసిన ప్రశ్న ఇది. బియ్యం నాణ్యత కోసం మనం చేస్తున్న ఎంపిక, మనకు తెలియకుండానే విత్తన రైతుకు వ్యతిరేకంగా చేస్తున్న ఎంపిక కూడా కావచ్చు.

పక్కదారి లేకపోలేదు. ఆఫ్రికాకు చెందిన బహువార్షిక అడవి వరి ఒరైజా లాంగిస్టామినాటా పరపరాగ సంపర్కంతో బతికే జాతి. దాని కీలాగ్రాలు, పరాగకోశాలు రెండూ సాగు వరి కంటే బాగా పెద్దవి. ఆ జాతి నుంచి కీలాగ్రపు పొడవును పెంచే జన్యుస్థానాన్ని 8వ క్రోమోజోముపై గుర్తించి, దానిని నిర్వాహక వంగడాలలోకి, అక్కడి నుంచి ఎ-లైన్లలోకి చేర్చిన పనిని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించారు. ఈ స్థానం జి.ఎస్.3తో సంబంధం లేనిది. కనుక గింజను పొడిగించకుండానే కీలాగ్రాన్ని పొడిగించే అవకాశం ఇందులో కనిపిస్తున్నది. అడవి జాతి నుంచి తెచ్చేటప్పుడు గింజ రాలడం, కాండం పాకడం వంటి అవాంఛనీయ లక్షణాలు వెంట వస్తాయి. వాటిని వదిలించుకోవడానికి తిరుగు సంకరణాలు, మార్కర్లు కావాలి. ఈ రెండూ మన విశ్వవిద్యాలయాలకు కొత్త కావు. సాంబ మసూరిలోకి ఎండాకు తెగులు నిరోధక జన్యువులను చేర్చినది రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధకులు, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కలిసి ఈ పద్ధతిలోనే కదా. ఎండాకు తెగులుకు చేసిన పని పువ్వుకు ఎందుకు చేయరాదు?

వెన్ను సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. వైల్డ్ అబార్టివ్ జీవద్రవ్యం పుప్పొడిని చంపడంతో ఆగదు. వెన్ను కింది కణుపు సాగడాన్ని కూడా అది తగ్గిస్తుంది. ఫలితంగా ఎ-లైన్‌లో వెన్ను అడుగు భాగం పోటాకు తొడుగులోనే ఇరుక్కుపోతుంది. ఆ భాగంలోని పువ్వులకు పుప్పొడి చేరే దారి లేదు. అందుకే విత్తనోత్పత్తిలో జిబ్బరెల్లిక్ ఆమ్లం తప్పనిసరి అయింది. వెన్నులు బయటికి రావడం మొదలైన దశలో హెక్టారుకు సుమారు 60 గ్రాములు, రెండు విడతలలో పిచికారీ చేయాలని మన సిఫారసు. ఈ పొడి నీటిలో నేరుగా కరగదు, ముందు ఆల్కహాలులో కరిగించి తరువాత నీటిలో కలపాలి. సమయం ఒక రోజు తప్పినా, ఆ రోజు వాన పడినా ఖర్చు పోయినట్టే. మోతాదు మించితే మొక్కలు సాగి పడిపోతాయి. ఆడ వంగడం జన్యువులలో ఉండవలసిన లక్షణాన్ని మనం ప్రతి పంటకూ సీసాలో కొని పోస్తున్నాము.

దీనికి జన్యు పరిష్కారం 1981 నుంచీ సాహిత్యంలో ఉన్నది. కాలిఫోర్నియాలో రట్గర్, కార్నాహన్ అనే ఇద్దరు పరిశోధకులు చివరి కణుపు మాత్రమే పొడవుగా సాగే ఒక అంతర్గత జన్యువును వివరించారు. ఎ, బి, ఆర్ లైన్ల తరువాత హైబ్రిడ్ విత్తనోత్పత్తికి అవసరమైన నాలుగవ అంశంగా దానిని ప్రతిపాదించారు. ఇ.యు.ఐ.1 అనే ఈ జన్యువును 2006లో వేరుచేశారు. అది మొక్కలోని జిబ్బరెల్లిన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును తయారు చేస్తుందని తేలింది. జన్యువు పని చేయకపోతే జిబ్బరెల్లిన్ నిలుస్తుంది, చివరి కణుపు సాగుతుంది, వెన్ను బయటపడుతుంది. ఇందులోని అందం ఏమిటంటే లక్షణం అంతర్గతమైనది. ఎ, బి లైన్లలో రెండు ప్రతులూ ఉంటాయి కనుక అవి సాగుతాయి. ఆర్-లైన్ నుంచి పని చేసే ప్రతి వచ్చి చేరడంతో రైతు పొలంలోని హైబ్రిడ్ మామూలు ఎత్తులోనే ఉంటుంది. నలభై ఏళ్లకు పైగా చేతిలో ఉన్న ఈ సాధనాన్ని చైనాలో వాడారు. మన దగ్గర అది తరగతి గది పాఠంగానే ఎక్కువగా మిగిలింది. జిబ్బరెల్లిక్ ఆమ్లం ధర తగ్గడం ఇందుకు ఒక కారణమని నా అనుమానం. చౌకగా దొరికే మందు జన్యువును వెతికే ఓపికను తినేస్తుంది.

విచ్చుకునే వేళను కూడా మార్చవచ్చును. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి జాతి నుంచి 3వ క్రోమోజోముకు చెందిన ఒక స్థానాన్ని ఐఆర్ 64లోకి తెచ్చినప్పుడు పువ్వులు గంటన్నర, రెండు గంటలు ముందుగా విచ్చుకున్నాయి. 2015లో ప్రచురితమైన ఆ పని ఉద్దేశం పూత సమయపు ఎండ నుంచి తప్పించడం. ఎ-లైన్‌లో దీనిని వాడితే ఆలస్యంగా విచ్చుకునే స్వభావం సరిపోతుందేమో చూడదగినది. మరీ ముందుకు జరిగితే మగ వరుస వెనుకబడుతుంది. అయితే బయట నిలిచిన కీలాగ్రం గల ఆడ పువ్వుకు గంట ముందు రావడం నష్టం కాదు, అది వేచి ఉండగలదు. మళ్లీ కథ కీలాగ్రం వద్దకే వచ్చింది.

ఈ వాదనకు అభ్యంతరాలు ఉన్నాయి. విత్తనోత్పత్తి వైఫల్యానికి పుష్ప లక్షణాలే కారణమనడం అతిశయోక్తి అని కొందరు సహోద్యోగులు అంటారు. నిజమే. ఆడ, మగ వరుసల పూత కలవకపోతే ఎంత గొప్ప కీలాగ్రమైనా వృథా. మగ వరుసను విడతలుగా నారు పోయడంలో తేడా వస్తే, పూత రోజులలో ఉష్ణోగ్రత మించితే, గాలి ఆగిపోతే గింజ కట్టదు. ఇబ్రహీంపట్నం వంటి చోట మరో చిక్కు ఉన్నది. చెరువుల కింద, బోరుబావుల కింద చిన్న చిన్న కమతాలుగా వరి పండే ప్రాంతమిది. పైగా నగరం ఏటా దగ్గరవుతున్నది. విత్తన మడి చుట్టూ 100 మీటర్ల వేర్పాటు దూరం కావాలంటే పక్క రైతు కూడా ఒప్పుకోవాలి. అందుకే ఈ పని పాత కరీంనగర్, వరంగల్ జిల్లాలలో, ఊళ్లకు ఊళ్లు కలిసి చేసే చోట స్థిరపడింది. దేశంలో వాడే హైబ్రిడ్ వరి విత్తనంలో అత్యధిక భాగం ఆ గ్రామాల నుంచే వెళ్తున్నది. వెళ్లేది ఉత్తరప్రదేశ్, బీహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలకు. మన రైతు పండించే విత్తనాన్ని మన రైతు వేయడం అరుదు.

కాని ఈ అభ్యంతరాలన్నీ నా వాదనను బలపరుస్తాయే గాని బలహీనపరచవు. పూత కలయికలో రెండు మూడు రోజుల తేడాను, ఒక ఉదయం గాలి లేకపోవడాన్ని భరించగలిగేది కీలాగ్రం బయట నిలిచే వంగడమే. మంచి పుష్ప లక్షణాలు సాగులోని పొరపాట్లకు బీమా వంటివి. అవి లేని వంగడంతో పని చేసే రైతు చిన్న పొరపాటుకు కూడా పూర్తి మూల్యం చెల్లిస్తాడు. ఒప్పందం ప్రకారం ఆయనకు డబ్బు వచ్చేది ఆడ వరుసలో పండిన కిలోలను బట్టి. ఎకరానికి చేసిన కూలి, నారు, కేళీల ఏరివేత, తాడు, మందు మాత్రం గింజ కట్టినా కట్టకపోయినా ఒకటే. ఆడ వరుసలో ఇరవై శాతం గింజ కట్టే వంగడానికీ నలభై శాతం కట్టే వంగడానికీ ఖర్చు దాదాపు సమానం, విత్తనం రెట్టింపు. ఈ తేడాను నిర్ణయించిన వారు ప్రజననకారులు, భరించేది రైతు. అదీగాక ఎ-లైన్‌ను పెంచుకోవడానికి చేసే ఎ, బి విత్తనోత్పత్తిలోనూ ఇదే పువ్వు, ఇదే కష్టం. ఒక లోపానికి రెండుసార్లు వెల చెల్లిస్తున్నాము.

మరొక అభ్యంతరం సాంకేతికమైనది. బయట నిలిచిన కీలాగ్రం ఎండకు, వేడి గాలికి త్వరగా ఎండిపోదా? ఎండిపోతుంది. మార్చి చివరి వారంలో మన వడగాలి మొదలైతే కీలాగ్రం ఎంత బయట ఉన్నా ప్రయోజనం లేదు. పూతను మార్చి మధ్యకు ముందే తెచ్చుకునేలా నారు పోయడం అందుకే. ఎ-లైన్లలో తుషాలు సరిగ్గా మూసుకోక గింజ పగులు వారడం, నిల్వలో బూజు పట్టడం కూడా తెలిసినవే. వానకు తడిస్తే అవి మరీ దెబ్బతింటాయి. కాబట్టి కీలాగ్రపు పొడవును ఒక్కదాన్నే పెంచుకుంటూ పోవాలని నేను అనడం లేదు. కీలాగ్రం ఎన్ని రోజులు తడి నిలుపుకుంటుంది, తుషాలు ఎంతవరకు మూసుకుంటాయి అన్నవి కూడా కొలవాలి. వీటిపై మన వాతావరణంలో, మన యాసంగిలో తీసిన కొలతలు మనకు కావాలి. ఫిలిప్పీన్స్‌లోనో చైనాలోనో కొలిచిన సంఖ్యలు దారి చూపగలవు గాని తీర్పు చెప్పలేవు.

ఇక భవిష్యత్తును చూపి ఈ పనిని వాయిదా వేయమనేవారు ఉన్నారు. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో సుందరేశన్ బృందం వరిలో ఫలదీకరణ లేకుండా తల్లి మొక్క నకలుగా విత్తనం ఏర్పడేలా చేసింది. ఆ తరువాత 2022లో హైబ్రిడ్ వరిలో ఈ పద్ధతి సామర్థ్యం 95 శాతం దాటినట్టు ప్రచురణ వచ్చింది. అది పొలానికి చేరిన రోజున ఆడ వరుస, మగ వరుస, తాడు, మందు ఏవీ అక్కరలేదు. ఆ రోజు రావాలనే కోరుకుంటాను. కాని జన్యు సవరణ పంటల నియంత్రణ, విత్తన హక్కులు, దిగుబడి నిలకడ వంటివి తేలేలోగా ఎన్ని యాసంగులు గడుస్తాయో ఎవరూ చెప్పలేరు. ఒక బి-లైన్‌లో మంచి కీలాగ్రాన్ని ఎంపిక చేసి, ఆరేడు తిరుగు సంకరణాలతో ఎ-లైన్‌గా మార్చడానికి ఏడాదికి రెండు పంటల లెక్కన మూడు నాలుగేళ్లు చాలు.

ఈ నాలుగేళ్ల లెక్క వల్లనే ఎంపిక మొదట జరగాలని పట్టుబడుతున్నాను. ఎ-లైన్‌ను నేరుగా బాగుచేయలేము. దాని పుప్పొడి వంధ్యం కనుక ఏ మార్పు అయినా బి-లైన్‌లో చేసి తరతరాలుగా ఎక్కించవలసిందే. హైబ్రిడ్ దిగుబడి పరీక్షలు ముగిశాక పువ్వు బాగాలేదని తెలిస్తే మళ్లీ మొదటికి రావాలి. అప్పటికి ఎవరికీ ఆ ధైర్యం ఉండదు. విత్తన దిగుబడి తక్కువ అన్న మాటను నివేదిక చివరి పేరాలో రాసి విడుదలకు పంపుతారు. కీలాగ్రం లక్షణాలు ప్రధానంగా కేంద్రక జన్యువులవే కనుక బి-లైన్‌లో చూసిన దానికి ఎ-లైన్‌లో కనిపించేది దగ్గరగా ఉంటుంది. వెన్ను బయటపడటం మాత్రం వంధ్య జీవద్రవ్యం వల్ల మారుతుంది, దానిని ఎ-లైన్‌లో తిరిగి చూడక తప్పదు.

వెంటనే చేయదగినది ఒకటి చెబుతాను. బి-లైన్ల తయారీలో మూడవ, నాలుగవ తరం వరుసలలో బయట నిలిచిన కీలాగ్రాల శాతాన్ని, అది ఒక వైపుననా రెండు వైపులనా అన్న వివరంతో సహా, నమోదు చేయడాన్ని తప్పనిసరి చేయాలి. గింజ నాణ్యత పరీక్షకు పంపే వరుసలన్నిటికీ ఈ సంఖ్య ఉండాలి. సన్న గింజ వరుసలలో ఈ శాతం పడిపోతున్నదో లేదో మనకు రెండేళ్లలో తెలిసిపోతుంది. అలాగే ప్రభుత్వ సంస్థలు హైబ్రిడ్ తల్లి వంగడాలను కంపెనీలకు అప్పగించేటప్పుడు ఆ వివరం ఒప్పందంలో భాగం కావాలి. అక్కడి నుంచి ఆర్గనైజరుకు, ఆర్గనైజరు నుంచి రైతుకు చేరాలి. తాను నాటబోయే ఆడ వరి ఎంత గింజ కడుతుందో తెలుసుకునే హక్కు దానిని నాటే మనిషికి ఉన్నది. వరుసల నిష్పత్తి, మందు మోతాదు, ఒప్పుకోవలసిన ధర, ఇవన్నీ ఆయన ఆ సంఖ్యను చూసి నిర్ణయించుకోగలడు.

దీనికి పెద్ద పరికరాలు అక్కరలేదు. పూత మొదలైన రెండవ, మూడవ రోజున, మధ్యాహ్నం పువ్వులు మూసుకున్న తరువాత, వరుసకు అయిదు వెన్నులు కోసి భూతద్దం కింద లెక్కపెట్టాలి. ఒక విద్యార్థి ఒక మధ్యాహ్నంలో ఇరవై వరుసలు ముగించగలడు. రాజేంద్రనగర్ నుంచి ఇబ్రహీంపట్నం గంట ప్రయాణం. యాసంగి నారు మడులు నవంబరు, డిసెంబరులో పడతాయి, పూత మార్చికి వస్తుంది. ఈసారి ఆ లెక్క పుస్తకాన్ని నాకు వెన్ను చూపిన రైతు మడి గట్టు మీద కూర్చొని రాయాలని అనుకుంటున్నాను. ఆయన మళ్లీ అదే ఆడ వరి వేస్తున్నారు.